రుషికుల్య మొగ దగ్గర లెక్క

గాలి దక్షిణానికి తిరిగిన మూడో రోజు
పేటలో బల్బులన్నీ ఆర్పించారు.
టీవీ వెలుగు కూడా కిటికీ దాటకూడదని
ఫారెస్టు స్వాయిన్ బాబు గోనెపట్టాలు పంచాడు.
చీకట్లోనే తిన్నాం,
ముల్లేదో మెతుకేదో వేళ్ళకే తెలుసు.

నా చేతికి లెక్క మిషను తగిలించారు,
ఒక నొక్కుకి ఒక తాబేలు.
రాత్రికి మూడొందల యాభై.
టార్చికి ఎర్ర కాయితం చుట్టి ఇచ్చారు,
అదీ తప్పనిసరైతేనే వెయ్యాలి.
పక్క బీటు చీకటి వారి ఎర్రమ్మది,
ఇంటిపేరుకి సరిపడా ఉద్యోగం దొరికిందని నవ్వుకుంటుంది.

మా ఆయన పేరు కూర్మయ్య.
శ్రీకూర్మం మొక్కుకి పుట్టాడని వాళ్ళమ్మ పెట్టింది.
నవంబరు నుంచి మే దాకా ఏట లేదు,
పడవ బోర్లా పడుకుని వీపు ఎండబెట్టుకుంటోంది.
"నా పేరెట్టుకుని నా కడుపే కొడతన్నాయి సూడు" అంటాడు.
అంటాడు గాని,
మొన్న ఏదో ట్రాలరు వదిలేసిన వల ఒడ్డుకి కొట్టుకొస్తే
అందులో చుట్టుకున్నదాని మెడ చుట్టూ
ఒక్కో పోగూ కొడవలితో కోశాడు, గంటసేపు.
నాకు చెప్పలేదు.
బొటనవేలికి కట్టిన గుడ్డ చెప్పింది.

ముందు వాసన వస్తుంది,
నాచు పట్టిన బండ వాసన.
తరవాత చప్పుడు,
తడిసిన గోనె ఈడుస్తున్నట్టు.
తరవాత అలకీ అలకీ మధ్య నలుపు చిక్కబడుతుంది.
నొక్కుతాను. నొక్కుతాను.
పన్నెండు. నలభై. రెండొందల ఆరు.
ముక్కుతో ఇసుక తాకి చూసి
నచ్చక వెనక్కి తిరిగిపోతాయి కొన్ని.
"పెళ్ళిచూపుల్లో మనకీ ఈ ఈలుంటే
ఎంత బాగుండునే!" అంది ఎర్రమ్మ.

రెండో జాములో ఒకటి
సరుగుడు తోట దాకా రాకుండా
మధ్యలోనే ఆగి తవ్వడం మొదలెట్టింది.
వెనక రెక్కని చేటలా వంచి, ఎత్తి, పక్కన పోసి,
మా అమ్మ పిండి కొలిచేటంత జాగ్రత్త.
మూడో దోసిట్లో ఇసుకతోపాటు
గోడముక్క పడింది.

ఎర్ర కాయితం తీసేసి చూశాను, తప్పే.
నీలిమందు ఎక్కువైన సున్నం.
పేటలో ఇంకెవరూ అంత నీలి కలపరు,
కలిపినందుకు మా నాన్న తిట్టిన తిట్లు
ఒక్కటీ పొల్లుపోకుండా గుర్తున్నాయి.

అంటే ఇది మా వంటిల్లు.
అంటే ఆ నురగ ఉన్నచోట మా వీధి,
దాని అవతల వలలు ఆరేసే దిబ్బ, బడి, బడి గంట.
తుఫానుకొక వరస చొప్పున తీసుకుంది సముద్రం.
మిగిలినవాళ్ళకి తోట వెనక
నంబర్లేసిన గదులిచ్చారు.

పుట్టినచోటికే వస్తుందంట తాబేలు.
స్వాయిన్ బాబు ఏటా చెప్తాడు, చిన్నపిల్లలకి చెప్పినట్టు.
ఏటి గొప్ప?
నేనూ వచ్చాను కదా.
కూలికి వచ్చాను, అంతే తేడా.

గుడ్లు పెడుతున్నంతసేపూ దాని కళ్ళలో నీళ్ళు.
ఏడుపు కాదంట, ఒంట్లో ఉప్పు బయటికి పంపడమంట.
సరే.
నేనూ కాసేపు ఉప్పు పంపాను.

గోడముక్కని కొంగున కట్టబోయి
మళ్ళీ గుంట అంచునే పెట్టాను.
అదేం చూసుకోలేదు.
నూరో నూటపదో పెట్టి, ఇసుక కప్పి,
ఆ పక్కకీ ఈ పక్కకీ ఊగుతూ పొట్టతో దబదబా అదిమి,
వచ్చిన దారి పట్టుకోకుండా
ఇంకో దారిన నీళ్ళలోకి పోయింది.

తెల్లారి మిషన్లో పదకొండొందల నలభై.
"ఒకటి తక్కువుంది" అన్నాను.
ఆ కాసేపట్లో నా వెనక ఎన్ని పోయాయో,
నాకు తెలిసింది మాత్రం ఒకటే.
టిఫిను తెచ్చిన మా పిల్ల
నా తెలుగు లెక్కని ఒడియా చేసి చెప్పింది.
స్వాయిన్ బాబు నా మొహం చూసి,
ఏమీ అడక్కుండా కొట్టేసి రాశాడు.

ఇంక నలభై అయిదు రోజులు.
కుక్కలు తవ్వకపోతే,
పెద్ద అల ముందే రాకపోతే
మా వంటింట్లోంచి నల్లగా, అగ్గిపెట్టె కన్నా చిన్నవి
బిలబిలా బయల్దేరతాయి.
హైవే దీపాల వైపు పోయేవాటిని
చేపల గంపలో ఎత్తి మళ్ళించాలి.
ఆ రాత్రి నాకు జట్టుగా వస్తానన్నాడు కూర్మయ్య.
"నీకు కూలి ఇవ్వరు మరి" అన్నాను.
"గంప నాదే కదా" అన్నాడు,
పడవ వీపుకి తారు రాస్తూ.